లోఫర్ బూట్లల్ల మడమ లేస్తుంది, హీల్ ప్యాడ్ (మడమ దగ్గర లోపల అంటించే మెత్త) పెట్టాల్నా?

ప్రశ్న (నల్లగొండ): తోలు పెన్నీ లోఫర్లు (లేసులు లేకుండ పైన అడ్డపట్టీ ఉండే బూట్లు), 8 నంబర్. నిలబడితే మంచిగనే ఉన్నయి, నడిస్తే మడమ బయటికి వస్తుంది. 7 వేస్తే వేళ్లు ముందట తగులుతున్నయి. ఏం చెయ్యాలె అన్నా?

జవాబు 1: హీల్ ప్యాడ్ ఇప్పుడే వద్దు తమ్మీ. లోఫర్లకు లేసులుండయి, పాదాన్ని పట్టి ఉంచేది పైన అడ్డపట్టీ, దాని కింది తోలే. అక్కడ సందుంటే పాదం ముందుకు జారి వెనక ఖాళీ పడుతది. మడమ దగ్గర ప్యాడ్ పెడితే పాదం ఇంకా ముందుకు నెట్టుకపోయి వేళ్లు నలుగుతయి. పట్టీ లోపలి దిక్కు 2-3 మిల్లీమీటర్ల మందం ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని లాంటి మెత్తటి గుడ్డ) ముక్క పెట్టు. ముందు టేపుతో అంటించి ఇంట్ల నడిచి చూడు, కుదిరినంక గమ్ పెట్టు. ఇంకో మాట, కొత్త సోల్ బిర్రుగ ఉంటది, వంగదు. అందుకే మడమ కొంచెం లేస్తది. సోల్ వంగుడు మొదలైతే తగ్గుతది.

జవాబు 2 (పాలమూరు): తోలు వెడల్పుకు సాగుతది, పొడుగుకు సాగదు. రెగ్జిన్ అయితే పెద్దగ సాగదు. ఈసారి పొద్దుగూకినంక కొను, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటయి.

జవాబు 3: షూ హార్న్ (మడమ జారి లోపలికి పోయేటందుకు వెనక పెట్టే చెంచా లాంటిది) లేకుండ తొడగకు. వెనక భాగం తొక్కితే లోపలి గట్టి అట్ట విరుగుతది, ఇగ ఏ ప్యాడ్ పెట్టినా పట్టు రాదు. చెమటకు తడిసినయి ఎండల పెట్టకు, తోలు పగులుతది. పేపర్ కుక్కి నీడకు ఆరబెట్టు.