గడియారానికి చేతులా, ముళ్లా?

నిన్న ఏడో తరగతి నోట్‌బుక్కులు దిద్దుతుంటే ఒక వాక్యం దగ్గర నా కలం ఆగింది. ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగులో రాయమంటే ఒక అమ్మాయి ఇలా రాసింది: "గడియారం రెండు చేతులూ పన్నెండు దగ్గర కలిశాయి." ఎర్ర సిరాతో కొట్టేయబోయాను. కానీ హ్యాండ్ అంటే చెయ్యి అని ఆ పిల్లకు నేర్పింది మేమే. గడియారం దగ్గరికి వచ్చేసరికి ఆ చెయ్యి ముల్లు అవుతుందని మాత్రం మాలో ఎవరమూ చెప్పలేదు.

ఈ రోజు ఆ వాక్యాన్నే బోర్డు మీద రాశాను. ఇంగ్లీషువాళ్లు గడియారంలో చేతిని చూశారు, మనం ముల్లును చూశాం అన్నాను. సూదికి వాళ్లు కన్ను పెట్టారు, మనకది బెజ్జం. దువ్వెనకూ రంపానికీ మాత్రం రెండు భాషలూ పళ్లే పెట్టాయి. అప్పుడు ఆ అమ్మాయే లేచి, "టీచర్, ముల్లు కూడా నిజం ముల్లు కాదు కదా! గుచ్చుకోదు" అంది. ఇన్నేళ్లుగా ఆ మాట వాడుతున్నా నాకు తట్టని సంగతి అది.

అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ముందు పదాలు, అవి వచ్చాక అలంకారాలు అన్న వరుసలో మనం ఇంగ్లీషు చెబుతున్నాం. ఆ వరుస సరికాదని నా నమ్మకం. పిల్లలు మొదట నేర్చే చెయ్యి, కన్ను, తల, కాలు వంటి మాటల్లోనే అలంకారం ఉంది. విండోనే తీసుకోండి. అది పాత నార్స్ భాష నుంచి వచ్చిన మాట, అర్థం 'గాలి కన్ను'. మన గవాక్షంలోనూ కన్నే ఉంది: గో, అక్షం కలిస్తే ఆవు కన్ను. ఎక్కడెక్కడివాళ్లో గోడలోని రంధ్రాన్ని చూసి కన్ను అనుకున్నారు! డైసీ పువ్వు పేరుకు 'పగటి కన్ను' అని అర్థం, ఆ పువ్వు పగలు విచ్చుకుని రాత్రి ముడుచుకుంటుంది కాబట్టి. కండరాన్ని చెప్పే మజిల్ అన్న మాటకు లాటిన్‌లో మూలార్థం 'చిట్టెలుక'.

సిమిలీ, అంటే మన ఉపమ, చెప్పేటప్పుడు 'లాగా' అనే అర్థమున్న 'లైక్' కనిపిస్తే గుర్తుపట్టమంటాం. దాంతో "నాకు పాలు ఇష్టం" అనే ఇంగ్లీషు వాక్యంలో లైక్ ఉందని దాన్నీ సిమిలీ అని రాస్తారు. "వాడు తండ్రిలాగే ఉన్నాడు" అన్నది పోలికే గానీ ఉపమ కాదు. మనిషిని మనిషితో పోల్చాం, అంతే. ఉపమేయం (దేన్ని పోలుస్తామో అది), ఉపమానం (దేనితో పోలుస్తామో అది), సమానధర్మం (రెండింటికీ ఉన్న గుణం), ఉపమావాచకం (పోలిక తెలిపే మాట) అని తెలుగు పాఠంలో నాలుగు అంగాలూ చదువుకున్న పిల్లలే వీళ్లు. ఉపమావాచకం ఒక్కటి దొరికితే చాలదని వాళ్లకు అక్కడ తెలుసు, ఇంగ్లీషు గంటలో ఆ తెలివిని మనం వాడుకోవడం లేదు. 1936లో ఇంగ్లీషు సాహిత్య విమర్శకుడు ఐ. ఎ. రిచర్డ్స్, 'లాగా' అనకుండానే పోల్చే మెటఫర్‌కు టెనర్, వెహికిల్ అని రెండు భాగాలు చెప్పారు. అవి ఇంచుమించు మన ఉపమేయం, ఉపమానాలే.

*

మీ మాట బాగుంది మేడమ్, కానీ నాకొక సందేహం. మా పిల్లలకు ఐస్ అంటే ఏమిటో చెప్పడానికే ఒక రోజు పడుతుంది. 'బ్రేక్ ద ఐస్' (కొత్తవాళ్ల మధ్య బిడియం పోగొట్టడం) లాంటివి వస్తే మంచు పగలగొట్టడం అని రాసి ఊరుకుంటారు. మాట రాకముందే అలంకారం చెబితే ఇంకా తికమక పడరా?

*

మీ ఇబ్బంది నిజమేనండీ. అది జాతీయం (ఇడియం) కాబట్టి విడదీస్తే అర్థం రాదు, మొత్తంగానే నేర్పాలి. 'చేతులెత్తేశాడు' అన్న మన మాటను ఎవరైనా పదం పదంగా అనువదిస్తే ఎలా ఉంటుందో ముందు పిల్లల చేత రాయించండి. ఆ పని చేసిన పిల్లలు తర్వాత ఇంగ్లీషు జాతీయం ఎదురైతే వెంటనే అనువాదానికి దిగకుండా ఒక్క క్షణం ఆలోచించడం నేను చూశాను.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మొక్కజొన్న కంకిని ఇంగ్లీషులో ఇయర్ అంటారు. చెవిలా ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని నేను ఒక తరగతిలో చెప్పేశాను. తర్వాత నిఘంటువు చూస్తే, పాత ఇంగ్లీషులో కంకి మాట వేరు, చెవి మాట వేరు, కాలక్రమంలో రెండూ ఒకే రూపానికి వచ్చాయని ఉంది. మర్నాడు అదే తరగతికి వెళ్లి, నిన్న నేను చెప్పింది తప్పని చెప్పి, ఆ పుట వాళ్ల చేతే చదివించాను.

ఆ అమ్మాయి వాక్యంలో 'చేతులు' కొట్టేయలేదు. పక్కన 'ముళ్లు' అని రాసి, మార్కు వేశాను.