క్రిస్మస్ సెలవుల్లో అమ్మానాన్నలకు ఐర్లాండ్ చూపించాలి, సలహా చెప్పండి

తాడిపత్రి (ఇప్పుడు డబ్లిన్):
అన్నలకు, అక్కలకు నమస్తే. ఉద్యోగం మీద ఈ మధ్యే వచ్చాను. క్రిస్మస్‌కు ఆఫీసు మూసేస్తారు కాబట్టి అమ్మానాన్నలను అప్పుడే పిలిపిద్దామని అనుకుంటున్నా. డిసెంబరు 23 నుంచి జనవరి మొదటి వారం దాకా ఉంటారు. కారు అద్దెకు తీసుకుని గాల్వే, మోహర్ కొండలు, కిల్లార్నీ, అటునుంచి బెల్‌ఫాస్ట్, దాని పైన సముద్రం ఒడ్డున రాతి స్తంభాలుండే జెయింట్స్ కాజ్‌వే చూసి రావాలని ప్లాన్. సీజన్ కాదు కదా, రూములు కూడా చవగ్గా కనిపిస్తున్నాయి. నాన్నకు మోకాళ్ల నొప్పులు. చలికి వాళ్లకు ఏమేం కొనాలి?

ప్రొద్దుటూరు (ఇప్పుడు గాల్వే):
చలి సంగతి తర్వాత తమ్ముడూ, ముందు వెలుతురు లెక్క చూసుకో. డిసెంబరు చివర్లో డబ్లిన్‌లో తెల్లవారేసరికి 8:40 అవుతుంది, 4:10కల్లా పొద్దు గూకుతుంది. మబ్బు పట్టిందంటే మూడున్నరకే ఇంట్లో లైటు వేసుకోవాలి. నువ్వు రాసిన ఊర్లన్నీ కలిపితే మీ నాన్న చూసేది కారు అద్దం మీద తిరిగే వైపర్‌నే.

వాన గురించి కూడా చెప్తా. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే డబ్లిన్‌లో 750 దాకా పడుతుంది. ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. కానీ మన దగ్గర నాలుగు రోజులు దంచి కొట్టి నెలల తరబడి మొహం చాటేస్తుంది. ఇక్కడ పడమటి తీరాన ఏడాదికి 225 రోజులు ఏదో ఒక వాన ఉంటుంది. అది కూడా అడ్డంగా కొడుతుంది. గొడుగు కొని డబ్బు తగలేయొద్దు, మొదటి రోజే గాలికి తిరగబడుతుంది. తలకు టోపీ ఉన్న రెయిన్‌కోటు, నీళ్లు దిగని బూట్లు, లోపల వేసుకునే థర్మల్స్ చాలు. పగలు ఏడెనిమిది డిగ్రీలు ఉంటుంది. మంచులో ఫోటోలు దిగాలని అమ్మకు ఆశ పెట్టొద్దు, డబ్లిన్‌లో అది అదృష్టం కొద్దీ పడాల్సిందే.

ఇంకో మాట. 25న బస్సులు, రైళ్లు ఏవీ తిరగవు. డబ్లిన్ విమానాశ్రయం కూడా మూసేస్తారు. 24 మధ్యాహ్నానికే బియ్యం, కూరగాయలు, పాలు ఇంట్లో ఉండాలి.

ఆదోని (ఇప్పుడు కార్క్):
రూములు చవక అన్నావు చూడు, అక్కడ ఆగు. ఎందుకు చవకో నేను చెప్తా.

మా అత్తమామలు వచ్చినప్పుడు కెర్రీలో సముద్రం పక్కన ఒక కాటేజీ తీసుకున్నాం. ఫోటోలో పొయ్యి, సోఫా, కిటికీలోంచి సముద్రం, బ్రహ్మాండంగా ఉంది. 'హీటింగ్ కలిపే' అని రాసి ఉంది. పల్లెల్లో చాలా ఇళ్లకు హీటింగ్ నడిచేది నూనెతో. ఇంటి వెనక పెద్ద ప్లాస్టిక్ ట్యాంకు ఉంటుంది, దాంట్లో కిరోసిన్. రెండో రాత్రికి రేడియేటర్లు చల్లబడిపోయాయి. మా మామ టార్చి పట్టుకుని వానలో ట్యాంకు దగ్గరికి వెళ్లి తట్టి చూస్తే డొల్ల శబ్దం. ఓనరుకు ఫోన్ చేస్తే, "మీరు ఎక్కువ వాడేశారు, ట్యాంకు నింపించుకోండి, డబ్బు తర్వాత చూద్దాం" అన్నాడు. కొత్త సంవత్సరం సెలవుల్లో నూనె బండి ఎక్కడి నుంచి వస్తుంది? పెట్రోల్ బంకులో బొగ్గు ఇటుకల్లాంటి బ్రికెట్లు మోసుకొచ్చి పొయ్యిలో వేశాం. మా అత్త మంకీ క్యాప్ పెట్టుకుని, రైస్ కుక్కర్ మూత తీసి ఆ ఆవిరికి చేతులు కాచుకునింది. ఇంటికొచ్చాక మెయిల్: పొయ్యి దగ్గర గోడకు మసి పట్టింది, అడ్వాన్సులో 150 యూరోలు కోసుకుంటున్నాం అని! బుక్ చేసిన సైటు వాళ్లకు రాస్తే ట్యాంకు ఖాళీగా ఉన్నట్టు ఫోటో ఉందా అని అడిగారు. వానలో, అర్ధరాత్రి, ఫోటో ఎవరు తీస్తారప్పా?

కాబట్టి బుక్ చేసేముందే అడుగు: హీటింగ్ కరెంటా, గ్యాసా, నూనెనా? రోజంతా ఉంటుందా, టైమర్ పెట్టారా? స్నానానికి వేడినీళ్లు రావాలంటే ఇమ్మర్షన్ (కరెంటుతో నీళ్లు కాచే హీటరు) స్విచ్ ఎక్కడ? దిగిన వెంటనే ట్యాంకు గేజి ఫోటో తీసుకో. అసలు నా మాట వింటే పల్లెలో దిగొద్దు, ఊర్లో హోటల్లో ఉండండి.

నంద్యాల (ఇప్పుడు లిమరిక్):
అన్నా, ఆ కథ పోయినేడాది 100 యూరోలు ఉండె కదా 😀 సరే, బెల్‌ఫాస్ట్ విషయానికి వస్తే, బస్సెక్కి పోవడమే. బార్డరులో చెక్‌పోస్టు లేదు, ఏమీ లేదు. చేతిలో ఐఆర్‌పీ కార్డు (ఇక్కడ ఉండటానికి ఇచ్చే రెసిడెన్స్ పర్మిట్) ఉంటే సరిపోతుంది.

కడప (ఇప్పుడు డబ్లిన్):
చెక్‌పోస్టు లేనంత మాత్రాన రూలు లేకుండా పోదు. బెల్‌ఫాస్ట్ యూకే. ఐఆర్‌పీ ఐర్లాండ్‌లో ఉండటానికి ఇచ్చింది, ఇండియా పాస్‌పోర్టుతో యూకేలో అడుగు పెట్టాలంటే యూకే వీసా ఉండాల్సిందే. ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల గుంపు షెంగెన్‌కూ అంతే, ఐర్లాండ్ అందులో లేదు. బస్సు ఆపి కార్డులు అడిగిన రోజులున్నాయి. కొత్త పిల్లవాడికి ఇట్లాంటి సలహా ఇస్తే రేపు వాడి కాగితాల మీద మచ్చ పడుతుంది, నీ మీద కాదు.

తమాషా ఏమిటంటే తమ్ముడూ, మీ అమ్మానాన్నలు పోవచ్చు, నువ్వే పోకూడదు. ఇండియాలో ఐరిష్ టూరిస్టు వీసా తీసుకునేవాళ్లకు దాని మీద బీఐవీఎస్ (బ్రిటిష్ ఐరిష్ వీసా స్కీమ్) అని వేసి ఇస్తే, ముందు ఐర్లాండ్‌లో దిగి, ఆ తర్వాత అదే వీసాతో యూకే కూడా చూసి రావచ్చు. సింగిల్ ఎంట్రీ ఫీజు 60 యూరోలు. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, ఆలస్యం చేయకు. మెడికల్ ఇన్సూరెన్స్ తప్పకుండా తీసుకో. వీసా చేతికి రాకముందు టికెట్లకు డబ్బు కట్టొద్దు.

నంద్యాల:
నేను ఎవరికీ తప్పుదారి చెప్పలేదన్నా, జరిగేది చెప్పినా. కారు సంగతి ఎవరూ మాట్లాడలేదు. ఎడమ పక్కనే నడపాలి, మనకు అలవాటే. పల్లె రోడ్ల మీద గంటకు 80 కిలోమీటర్ల దాకా పోవచ్చు.

ప్రొద్దుటూరు:
80 కాదు, 2025 ఫిబ్రవరి నుంచి పల్లెల్లో లోకల్ రోడ్లకు 60. ఆ 60లో పోవడానికి కూడా గుండె కావాలి. రెండు పక్కలా రాతి గోడ, ఎదురుగా ట్రాక్టరు, నాలుగున్నరకే చీకటి. పైగా అద్దె కారుకు నడిపేవాడి పేరు మీదే క్రెడిట్ కార్డు అడుగుతారు. కొత్తగా వచ్చిన తమ్ముడి దగ్గర అది ఉందో లేదో.

తుఫాను హెచ్చరికల రంగులు కూడా తెలుసుకో. పసుపు, నారింజ, ఎరుపు. ఎరుపు ఇస్తే గడప దాటొద్దు. 2025 జనవరి 24న ఎయోవిన్ తుఫానుకు మా గాల్వే జిల్లాలోని మేస్ హెడ్ దగ్గర గాలి గంటకు 183 కిలోమీటర్లు కొట్టింది. కరెంటు లేక చాలా ఇళ్లవాళ్లు రోజుల తరబడి అవస్థ పడ్డారు.

అందుకే నా ప్లాన్ ఇది: డబ్లిన్‌లో ఉండండి, మధ్యలో రైలెక్కి గాల్వే రండి, రెండున్నర గంటలు. మోహర్‌కు ఇక్కడి నుంచి టూరు బస్సు ఉంటుంది, కానీ 24, 25, 26 తేదీల్లో పెట్టుకోకు. కొండ అంచు ఎత్తు 214 మీటర్లు, గాలి బాగా ఉంటే నాన్నను అక్కడి విజిటర్ సెంటర్ లోపల కూర్చోబెట్టు. ఆరన్ దీవులు ఈసారి వదిలెయ్. స్కెల్లిగ్ దీవులకు పోయే పడవలు చలికాలంలో తిరగవు. కిల్లార్నీ వేసవికి పెట్టుకో.

కడప:
న్యూగ్రేంజ్ మరిచిపోయినారే! డబ్లిన్ నుంచి గంట లోపే. ఐదు వేల ఏళ్లు దాటిన సమాధి. డిసెంబరు 21 చుట్టూ పొద్దు పొడిచేటప్పుడు ఎండ నేరుగా లోపలి గదిదాకా పోతుంది. ఆ రోజుల్లో లోపలికి లాటరీలో పేరు వచ్చినవాళ్లకే. మిగతా రోజుల్లో గైడు లైటు వేసి ఆ వెలుగు ఎట్లా వస్తుందో చూపిస్తాడు. దారి ఇరుకు, తల వంచి నడవాలి. మీ నాన్న మోకాళ్లకు అది ఓకేనా అడిగి టికెట్ తియ్యి.

తాడిపత్రి:
అందరికీ థాంక్స్. బెల్‌ఫాస్ట్, కారు, కాటేజీ మూడూ కొట్టేశా. డబ్లిన్, గాల్వే, న్యూగ్రేంజ్ అంతే. అమ్మ అప్పుడే సామాన్ల లిస్టు రాస్తోంది. చెనక్కాయల పొడి, జొన్నపిండి, రెండు కిలోల నెయ్యి అంట.

ఆదోని:
నెయ్యి వద్దని ఇప్పుడే ఫోన్ చెయ్యి. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తేనీయరు. పాలకోవా, మటన్ పచ్చడి కూడా తీసేస్తారు. పొడులు పర్వాలేదు.

నంద్యాల:
నెయ్యికి ఏం భాగ్యం, ఇక్కడి వెన్న కాస్తే కమ్మటి నెయ్యి వస్తుంది.

ఆదోని:
ఉప్పు లేనిది చూసి తీసుకోమను. షాపులో ముందు వరసలో ఉండేదంతా ఉప్పు వెన్నే.