కొత్త రాక్ ఆల్బమ్‌లన్నీ ఒకేలా మోగుతున్నాయి: లోపం ఆల్బమ్‌లోనా, వినే పద్ధతిలోనా?

మారతహళ్లి శ్రోత:
బెంగళూరులోని మన తెలుగు రాక్ గ్రూపులో ఈ మధ్య వచ్చిన ఆల్బమ్‌ల మీద తలా ఒక అభిప్రాయం రాయాలనుకున్నాం. నా వంతుకు వచ్చినవి నాలుగు: క్యూర్ 'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్', లింకిన్ పార్క్ 'ఫ్రమ్ జీరో', పెర్ల్ జామ్ 'డార్క్ మ్యాటర్', మెటాలికా '72 సీజన్స్'. పగలు రింగ్ రోడ్డు మీద క్యాబ్‌లో బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో, రాత్రి ఫ్లాట్‌లో చిన్న స్పీకర్ సన్నగా పెట్టి వింటున్నాను. అరగంటకే చెవులు అలసిపోతున్నాయి, నాలుగూ ఒకేలా అనిపిస్తున్నాయి. రాయబోతే 'బాగుంది', 'పాతవాటిలా లేదు' తప్ప మాట రావడం లేదు. ఏం సరిచేసుకోవాలి? ఎల్‌పీ (సూదితో మోగించే వినైల్ ప్లేటు) కొంటే తేడా తెలుస్తుందా?

మల్లేశ్వరం డ్రమ్స్:
ముందు క్యాబ్‌లో విన్నదాన్ని లెక్కలోంచి తీసేయండి. బండి రొద ఎక్కువగా బేస్ ఉండే మంద్ర స్థాయిలోనే ఉంటుంది. బేస్ గిటార్, కిక్ డ్రమ్ ఆ రొదలో మునిగిపోతాయి. వాటిని పట్టుకోవాలని మీరు వాల్యూమ్ పెంచుతారు, దాంతో స్నేర్ (చురుగ్గా మోగే డ్రమ్), సింబల్స్ (డ్రమ్స్‌లోని తాళాలు) చెవిని కోస్తాయి. అలసట సగం అక్కడిదే. రాత్రి సన్నగా పెట్టినా చిక్కు ఇలాంటిదే: శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి బేస్ మిగతావాటికన్నా ఎక్కువగా తగ్గుతుంది. అప్పుడు ఏ రాక్ ఆల్బమైనా పలచగానే వినిపిస్తుంది.

ఇక ఫోన్ సెట్టింగ్స్. ఈక్వలైజర్ (బేస్, ట్రెబుల్ విడివిడిగా పెంచే సెట్టింగ్) పూర్తిగా ఆపండి. బేస్ 6 డెసిబెల్స్ పెంచితే, అసలే శబ్దాన్ని అంచుదాకా నింపిన కొత్త ఆల్బమ్‌లో శబ్దం చిట్లుతుంది. పెంచక తప్పకపోతే అక్కడే ఉండే ప్రీయాంప్‌ను (మొత్తం శబ్దాన్ని సర్దేది) అంతే తగ్గించండి. ఒక పాట చివరను తర్వాతి పాట మొదలుతో కలిపే క్రాస్‌ఫేడ్ సున్నాలో ఉంచండి. స్పాటిఫైలో నార్మలైజేషన్ (పాటలన్నిటినీ ఒకే గట్టిదనానికి తెచ్చే సెట్టింగ్) ఆన్ చేసి 'నార్మల్' పెట్టండి, అది -14 లఫ్స్ (శబ్దపు గట్టిదనానికి కొలత) దగ్గర ఉంటుంది. 'లౌడ్' వద్దు. అది -11, అక్కడ మెల్లటి పాటల మీద లిమిటర్ (గట్టి దెబ్బలను అణిచేది) పనిచేస్తుంది. నార్మలైజేషన్ లేకుండా రెండు ఆల్బమ్‌లను పోల్చకండి, ఒక్క డెసిబెల్ గట్టిగా మోగినదే మనకు మెరుగనిపిస్తుంది.

ఇంకొకటి చాలామందికి తెలియదు. ఆల్బమ్ పేజీ నుంచి వరసగా వింటే స్పాటిఫై ఆల్బమ్ మొత్తాన్నీ ఒకే లెక్కన సర్దుతుంది. షఫుల్‌లో అయితే పాట పాటకూ విడిగా సర్దుతుంది, అప్పుడు మెల్లటి పాటకూ గట్టి పాటకూ మధ్య కళాకారులు పెట్టిన తేడా చెరిగిపోతుంది. ఆల్బమ్ మీద అభిప్రాయం రాసేవారు షఫుల్ ముట్టుకోకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

బేస్ తీగ:
పైవన్నీ సరే, కానీ ఆల్బమ్‌ల తప్పు లేదనుకోకండి. మెటాలికా 'డెత్ మాగ్నెటిక్' 2008లో వచ్చినప్పుడు మరీ గట్టిగా రికార్డు చేయడంతో ధ్వని తరంగాల శిఖరాలు కోసుకుపోయి శబ్దం చిట్లిందని పెద్ద గొడవే జరిగింది. అది ఫైల్లోనే ఉన్న లోపం, వాల్యూమ్ తగ్గించినా పోదు. పరీక్ష సులభం: శబ్దం బాగా తగ్గించినా స్నేర్ దెబ్బకు గరగర ఉంటే లోపం రికార్డింగ్‌ది. తగ్గించగానే పోతే మీ ఇయర్‌బడ్స్‌దో యాంప్‌దో.

'72 సీజన్స్' (2023) అంత చెడ్డగా లేదు. దాని ఇబ్బంది నిడివి: 12 పాటలు, 77 నిమిషాలు. నా మటుకు సగం పాటల్లో రెండేసి నిమిషాలు కోయొచ్చు. అయినా 11 నిమిషాలు దాటే చివరి పాట 'ఇనమొరాటా' మాత్రం ఒక్క క్షణం కూడా తగ్గకూడదు. మధ్యలో గిటార్లు పక్కకు తప్పుకుని బేస్‌కు చోటిస్తాయి. అలసిన చెవితో అక్కడికి చేరితే దాని విలువ తెలియదు, అందుకే ఆల్బమ్‌ను ఆరేసి పాటలుగా రెండు పూటలు వినండి.

'డార్క్ మ్యాటర్' (2024) నిర్మాత ఆండ్రూ వాట్, రోలింగ్ స్టోన్స్ 'హాక్నీ డైమండ్స్' (2023) కూడా ఆయనదే. రెండింటిలోనూ గొంతు, స్నేర్ మరీ ముందుకు వచ్చి నిలబడతాయి. స్టోన్స్‌కు అది నప్పలేదనిపిస్తుంది, వాళ్ల రెండు గిటార్ల అల్లిక వెనక్కి పోయింది.

మల్లేశ్వరం డ్రమ్స్:
పెర్ల్ జామ్‌కు నప్పింది కదండీ. మాట్ కామెరాన్ డ్రమ్స్ ఇంత దగ్గరగా వినిపించడమే ఆ ఆల్బమ్‌కు ప్రాణం.

'ఫ్రమ్ జీరో' 32 నిమిషాలే, అదే దానికి మేలు చేసింది. గిటార్, సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డ్), గొంతు ఒకే ఎత్తులో గోడ కట్టినట్టుంటాయి, గంటసేపైతే భరించలేం. కొత్త గాయని ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను చనిపోయిన పాత గాయకుడు చెస్టర్‌తో పోల్చి ఆగిపోకుండా, 'హెవీ ఈజ్ ద క్రౌన్'లో ఆమె సాగదీసిన అరుపు తర్వాత పాట ఎలా దిగుతుందో చూసి రాయండి.

క్యూర్ది వేరే దారి. వాళ్ల ముందటి ఆల్బమ్ తర్వాత 16 ఏళ్లకు వచ్చింది, 8 పాటలు, సుమారు 49 నిమిషాలు. 'అలోన్'లో మూడు నిమిషాలు దాటాకే గొంతు వస్తుంది, 'ఎండ్‌సాంగ్'లో ఆరు దాటాకే. 'మొదలే నీరసం' అని రాసేవాళ్లు ఆ ఎదురుచూపును వినలేదన్నమాట. ఈ నాలుగింట్లో నా ఓటు దీనికే.

ఎల్‌పీ ప్రియుడు:
ఎల్‌పీ మాటకొస్తే, ఒక్కో వైపు 22 నిమిషాల దాకా హాయిగా పడుతుంది. అంతకు మించితే గాడులు దగ్గరవుతాయి, శబ్దం తగ్గించి కోయాల్సి వస్తుంది. ప్లేటు మధ్యకు వచ్చేకొద్దీ సింబల్స్, 'స'కారాలు బొంగురుపోతాయి. కాబట్టి కొనేముందు నిడివి చూడండి. స్టీవెన్ విల్సన్ 'ది ఓవర్‌వ్యూ' (2025) రెండే రచనలు, మొత్తం సుమారు 42 నిమిషాలు, చెరో వైపు కుదురుతాయి. ఇలాంటివి కొనదగ్గవి.

అయితే ప్లేయర్ సరిగా లేకుండా ప్లేటు కొనడం డబ్బు దండగ. ఆడియో టెక్నికా వీఎం95ఈ లాంటి కార్ట్రిడ్జ్‌కు (సూది ఉండే భాగం) సూది ప్లేటు మీద మోపాల్సిన బరువు 2 గ్రాములు. డిజిటల్ త్రాసుతో కొలిచి పెట్టాలి, తక్కువైతే సూది గాడిలో ఎగిరి గాడినే పాడుచేస్తుంది. అమెరికా నుంచి తెచ్చిన పాత ప్లేయర్లతో జాగ్రత్త: ఏసీ సింక్రోనస్ మోటార్ (కరెంటు హెర్ట్జ్‌ను బట్టి తిరిగేది) 60 హెర్ట్జ్‌కు చేసినదైతే మన 50 హెర్ట్జ్ మీద ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీనే మారుస్తుంది, వేగాన్ని కాదు.

మారతహళ్లి శ్రోత:
ఎల్‌పీ ప్రస్తుతానికి వద్దులెండి. రాత్రి శబ్దం పెంచలేను, కింద ఇంటి ఓనర్ ఉంటారు. మరి?

బేస్ తీగ:
చెవిని పూర్తిగా మూసే వైర్ హెడ్‌ఫోన్ చాలు. ఫోన్‌లో జాక్ లేకపోతే ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో సీ-టైప్ డాంగిల్ దొరుకుతుంది, లోపల డాక్ చిప్ (డిజిటల్ ఫైల్‌ను శబ్ద సంకేతంగా మార్చేది) ఉన్నదే అడగండి. ఇయర్‌బడ్స్‌తోనే వినాలంటే రబ్బరు టిప్ సైజు మార్చి చూడండి, గాలి పోయే సందు ఉంటే బేస్ అంతా అక్కడే పోతుంది. ఆల్బమ్ సగం అయ్యాక పది నిమిషాలు ఆగండి.

రాసేటప్పుడు పాట పేరు, నిమిషం, అక్కడ ఏం మారింది, దానివల్ల పాటకు ఏమైంది, ఇవి నాలుగూ రాస్తే చాలు. 'గిటార్ బాగుంది' అనకుండా 'రెండో చరణంలో కుడి గిటార్ ఆగిపోవడంతో బేస్ ఒక్కటే పాటను మోస్తుంది' అనండి. చదివినవాళ్లు వెతికి విని, ఒప్పుకోవడమో కాదనడమో చేయగలగాలి.

మల్లేశ్వరం డ్రమ్స్:
సాధనకు మన బెంగళూరు మెటల్ బ్యాండ్ క్రిప్టోస్ 'డెసిమేటర్' (2024) తీసుకోండి. రెండు గిటార్లు కలిసి పలికే చోట్ల ఎడమ చెవి మూసి ఒకసారి, కుడి చెవి మూసి ఒకసారి వినండి. తర్వాత బ్లడీవుడ్ 'ను డెల్హీ' (2025)లో గిటార్ల మోత కింద ఢోల్ దెబ్బ ఎక్కడ తేలుతుందో, ఎక్కడ మునుగుతుందో గుర్తించండి. ఈ రెండూ అయ్యాక క్యూర్‌కు వెళ్లండి, మెటాలికాను చివరికి ఉంచండి.