ఉగాది వేడుక మార్చి 21: బోర్డులు గురువారంలోగా కావాలి (హాలు సంగతి కూడా ఇందులోనే; ఈ గ్రూపులో మనుషుల్ని వాళ్ళ సొంతూరి పేరుతోనే పిలుస్తాం)

తెనాలి, సోమవారం మార్చి 9, రాత్రి 9:40
అందరికీ నమస్కారం. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని మన ఊరి చరిత్ర చెప్పే "మన ఊరు కొలంబస్" బోర్డులు ప్రింటింగ్ షాపుకి గురువారం సాయంత్రంలోగా పంపకపోతే 21కి చేతికి రావు. మిగిలిన పనులు ఇవి:
1. బోర్డుల రాత: భీమవరం బాబాయి గారు
2. పాత ఫొటోలు: శ్రీకాకుళం
3. పిల్లల నాటిక 12 నిమిషాలకు కుదించడం: బుజ్జి వాళ్ళమ్మ
4. వంటల లెక్క, 220 మందికి: ఓరుగల్లు
5. హాలుకి మిగతా డబ్బు, కాగితాలు: కడప
ఎవరిది ఎంతవరకు వచ్చిందో రేపటికల్లా ఇక్కడే రాయండి.

భీమవరం, సోమవారం, రాత్రి 11:15
తల్లీ, నాలుగు బోర్డులు అయ్యాయి. క్లుప్తంగా ఇక్కడ పెడుతున్నాను, తప్పులుంటే చెప్పండి.

మొదటిది: ఊరు 1821లో పుట్టింది. మొదట జనరల్ జాన్ టిప్టన్ పేరు మీద టిప్టోనా అన్నారు. ఆ ఏడాదే మార్చి 20న పేరు కొలంబస్‌గా మారింది. టిప్టన్ అలిగి ఊరు వదిలి వెళ్ళిపోయాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. మన పండగ సరిగ్గా 205 ఏళ్ళు నిండిన మర్నాడు చేస్తున్నామండి. వెతికి పెట్టుకున్న తేదీ కాదు, శనివారం అని పెట్టాం, అలా కలిసొచ్చింది.

రెండోది: 1844లో ఒహాయో నది వైపు నుంచి రైలు వచ్చింది. తర్వాత మొక్కజొన్న మిల్లులు. 1880ల్లో ఇక్కడి మిల్లులో సిరీలైన్ అని మొక్కజొన్న రేకులు చేశారు. మన అటుకుల్లాంటివే అనుకోండి. ఆ మిల్లు భవనాన్ని కూల్చకుండా డీజిల్ ఇంజిన్ల కంపెనీ కమిన్స్ ప్రధాన కార్యాలయంలో కలుపుకుని కట్టారు. రోజూ దాని పక్కనుంచి నడిచేవాళ్ళు మనలో కనీసం నలభైమంది ఉంటారు.

మూడోది: 1919, కమిన్స్ కంపెనీ మొదలైన ఏడాది. క్లెస్సీ కమిన్స్ ఇర్విన్ అనే బ్యాంకు కుటుంబానికి కారు డ్రైవరు, మెకానిక్కు. డీజిల్ ఇంజిను మీద అతనికున్న పిచ్చిని ఆ కుటుంబం నమ్మింది. మొదటి లాభం 1937లో! పద్దెనిమిదేళ్ళు నష్టానికి ఓర్చుకుని డబ్బు పెడుతూనే ఉన్నారు.

నాలుగోది జనాభా. 1950లో 18,370. 2000లో 39,059. 2010లో 44,061. 2020లో 50,474. ఐదో బోర్డు ఇంకా రాయాలి. అసలు చెప్పాల్సిందంతా అందులోనే ఉంది.

శ్రీకాకుళం, మంగళవారం, ఉదయం 7:05
వాషింగ్టన్ వీధి, ఆ చుట్టుపక్కల ఫొటోలు నిన్న సాయంత్రం తీశానండి. 1900లో గ్రీకు అన్నదమ్ములు పెట్టిన జహరాకోస్ ఐస్‌క్రీం షాపు, 1874 నాటి కోర్టు, లైబ్రరీ ముందున్న ఆర్చి. ఆర్చి మీద ఎండ పడినప్పుడు తీయాలి, ఇవాళ మళ్ళీ వెళ్తా.

కడప, మంగళవారం, మధ్యాహ్నం 12:50
ఒక చెడ్డ వార్త. హాలు వాళ్ళు ఇప్పుడే ఫోన్ చేసినారు. మన బుకింగ్ రద్దు. ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన గడువు మార్చి 6తో అయిపోయిందంట, వేరేవాళ్ళకి ఇచ్చేసినారు. బయట వండిన వేడి వంటలు కూడా ఇప్పుడు ఒప్పుకోరంట. డిపాజిట్ 600 డాలర్లలో సగమే వెనక్కిస్తారు.

ఓరుగల్లు, మంగళవారం, మధ్యాహ్నం 12:58
ఏందన్నా ఇది? పదకొండు రోజులున్నయ్. నేను బియ్యం, పప్పు అన్నీ తెచ్చి గరాజ్‌ల పెట్టిన.

తెనాలి, మంగళవారం, మధ్యాహ్నం 1:10
సర్టిఫికెట్ పంపలేదా? ఫిబ్రవరి మీటింగులో అడిగితే "అయిపోయింది" అన్నారు కదా.

కడప, మంగళవారం, మధ్యాహ్నం 1:22
అయిపోయిందని చెప్పింది డిపాజిట్ గురించి. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాల్సింది అధ్యక్షులు, అంటే మీరు అక్కా. ఫిబ్రవరి 11న కాగితం పంపినా. రెండుసార్లు గుర్తు చేసినా. పగలు ప్లాంటులో షిఫ్టు, రాత్రి ఈ లెక్కలు. తప్పంతా నాదే అంటే నేను పడను.

తెనాలి, మంగళవారం, మధ్యాహ్నం 1:30
ఇక్కడ అందరి ముందూ రాయాలా ఇది? ఫోన్ చేయొచ్చు కదా.

ఓరుగల్లు, మంగళవారం, మధ్యాహ్నం 1:41
సంతకం సంగతి పక్కకు పెట్టున్రి. ఒక్క కాగితం నాలుగు రోజులు లేటయితే రద్దు చేస్తరా? మనోళ్ళం కాబట్టే ఇట్ల చేసిన్రు. వేరేటోళ్ళయితే ఒక ఫోన్ చేసి అడుగుతుండె. ఈ ఊరు మనల్ని పనికి రమ్మంటది గని పండగకు జాగ ఇయ్యది. ఇండియానాపోలిస్ గుడిల హాలు అడుగుదాం. అందరికీ కార్లున్నయ్.

బుజ్జి వాళ్ళమ్మ, మంగళవారం, మధ్యాహ్నం 2:15
అన్నా, 45 మైళ్ళు. ఇండియా నుంచి వచ్చిన అత్తయ్య గార్లు, మామయ్య గార్లు పద్దెనిమిది మంది ఉన్నారు, రాత్రి తిరుగు ప్రయాణం వాళ్ళకి కష్టం. పిల్లలు ఆరు వారాలుగా ఈ ఊరి మీద నాటిక నేర్చుకుంటున్నారు. తీసుకెళ్ళి ఇంకో ఊళ్ళో ఆడిస్తే దానికి అర్థం ఏముంది?

కడప, మంగళవారం, మధ్యాహ్నం 2:20
గుడి హాలు అడిగినా. ఆ శనివారం ఖాళీ లేదు. ఇంకో రెండు చోట్ల కూడా లేదు. ఉన్న ఒక్క చోట 2,400 డాలర్లు. మన దగ్గరున్నది 1,130.

భీమవరం, మంగళవారం, సాయంత్రం 6:30
ఇప్పుడే ఆఫీసు నుంచి వచ్చి అంతా చదివాను. ఓరుగల్లు బాబూ, నీ బాధ నాకు తెలుసు. అలాంటివి ఇక్కడ జరగలేదని నేను అనను, నేను పడ్డవి నాకు గుర్తున్నాయి. కానీ గడువు తప్పింది మనం. అది ఒప్పుకుని మాట్లాడుకుందాం.

నేను పూణే నుంచి 1996లో వచ్చాను. అక్కడ కిర్లోస్కర్ వాళ్ళతో కలిసి కమిన్స్ 1962లోనే ఫ్యాక్టరీ పెట్టింది. మన దేశపు ఇంజనీరుకి ఈ ఊరి పేరు మొదట చేరింది ఆ దారినే. అప్పుడు కందిపప్పు కోసం కూడా ఇండియానాపోలిస్ పోవాల్సిందే. నాలుగు తెలుగు కుటుంబాలం. ఉగాది మా ఇంటి బేస్‌మెంట్‌లో చేసుకున్నాం. వేపపువ్వు లేక కాకరకాయ ముక్క వేశాం.

2008 జూన్ 7న వరద వచ్చింది. హా క్రీక్ పొంగి ఆసుపత్రిలోకి నీళ్ళొచ్చాయి, రోగులందరినీ తరలించారు, ఆసుపత్రి నెలల తరబడి మూతపడింది. మా వీధి కూడా మునిగింది. అప్పటిదాకా చేయి ఊపడం తప్ప మాట్లాడని మనుషులు పారలు తెచ్చి మా గరాజ్‌లో బురద ఎత్తారు. మూడు రోజులు. మా ఆవిడ చేసిన పులిహోర వాళ్ళంతా ఆ బురద చేతులు కడుక్కుని గుమ్మంలో కూర్చుని తిన్నారు.

నేను రాయాల్సిన ఐదో బోర్డు ఇది, ఇక్కడే రాసేస్తున్నాను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఊళ్ళో పిల్లలు పెరిగారు, బడులు చాలలేదు. ఇంత చిన్న ఊరికి మంచి ఇంజనీర్లు కుటుంబంతో ఎందుకొస్తారు? ఆ బ్యాంకు కుటుంబంలోవాడే, కమిన్స్‌ని నడిపిన జె. ఇర్విన్ మిల్లర్‌కి పట్టుకున్న ప్రశ్న అది. మంచి ఆర్కిటెక్టుల జాబితా ఇస్తాం, అందులోంచి మీరు ఎంచుకోండి, వాళ్ళ ఫీజు కమిన్స్ ఫౌండేషన్ కడుతుంది అని ఊరి బడులు నడిపేవాళ్ళకి చెప్పాడు. ఆ పద్ధతిలో మొదటి బడి 1957లో హ్యారీ వీస్ కట్టిన ష్మిట్ ఎలిమెంటరీ. మన బుజ్జి చదివేది అక్కడే. తర్వాత మరికొన్ని బడులు, 1968లో రాబర్ట్ వెంచూరి కట్టిన అగ్నిమాపక కేంద్రం. ఊళ్ళో లేనివాళ్ళ కోసం, ఇంకా రాని వాళ్ళ కోసం ముందుగా కట్టిన ఊరండి ఇది. ఆ రావలసిన వాళ్ళలో మనమూ ఉన్నాం. అందుకే పండగ ఈ ఊళ్ళోనే చేద్దాం అంటున్నాను.

తెనాలి, మంగళవారం, రాత్రి 8:05
కడప తమ్ముడూ, మెయిల్ వెతికాను. ఫిబ్రవరి 11న నువ్వు పంపావు, నేనే తెరవలేదు. నాన్నగారికి ఆపరేషన్ అయిన వారం అది. నీ మీద అరిచినందుకు క్షమించు.

కడప, మంగళవారం, రాత్రి 8:12
నాన్నగారి సంగతి నాకు తెలీదక్కా. తెలిసుంటే ఇంటికే వచ్చి సంతకం చేయించుకునేవాడిని. ఇప్పుడెట్లా ఉన్నారు?

తెనాలి, మంగళవారం, రాత్రి 8:14
లేచి నడుస్తున్నారు. థాంక్స్ తమ్ముడూ.

ఓరుగల్లు, మంగళవారం, రాత్రి 8:40
బాబాయ్, నాకు ఇదంతా తెల్వది. నేనొచ్చి నాలుగేండ్లే. ఆ మాట జర తొందరపడి అన్న. మిల్ రేస్ పార్కుల షెడ్డు అడుగుదామా? స్టేజి కూడా ఉంటది.

భీమవరం, మంగళవారం, రాత్రి 8:52
మార్చిలో ఆ పార్కుని నమ్మలేం బాబూ. రెండు నదులు కలిసే చోటు. ఫ్లాట్‌రాక్ ఒకటి, డ్రిఫ్ట్‌వుడ్ ఒకటి. వాన పడితే పార్కులోకి నీళ్ళొస్తాయి. వస్తాయని తెలిసే అలా కట్టారు, ఇళ్ళు మునగకుండా పార్కు మునుగుతుంది.

శ్రీకాకుళం, బుధవారం, ఉదయం 6:50
ఇప్పుడే అటువైపు వెళ్ళొచ్చాను. దారి మీద నీళ్ళున్నాయి. ఫొటో పెట్టాను.

బుజ్జి వాళ్ళమ్మ, బుధవారం, ఉదయం 8:20
రాత్రి ఇంట్లో ఈ గొడవంతా విని బుజ్జి ఒక మాట అంది. "అమ్మా, బోర్డుల్లో ఉన్న బిల్డింగులన్నీ బయటే ఉన్నాయి కదా, బోర్డులెందుకు? వాటి దగ్గరే నిలబడి చెప్తాం."
నేను లెక్క వేశాను. లైబ్రరీ ముందు మొదలుపెడితే ఎదురుగానే చర్చి. రెండడుగులు వేస్తే పాత బ్యాంకు భవనం. తర్వాత ఐస్‌క్రీం షాపు, కోర్టు. పెద్దవాళ్ళు కూడా నడవగలరు. నాటికలో ఐదు దృశ్యాలున్నాయి, ఐదు చోట్లు. కాలిబాట మీద నడవడానికి హాలు బుకింగ్ అక్కర్లేదు. గుంపు పెద్దది కదా, నగరం వాళ్ళకి, లైబ్రరీ వాళ్ళకి ఒకమాట చెప్పి చేద్దాం.

తెనాలి, బుధవారం, ఉదయం 8:31
బుజ్జిని నా తరఫున ముద్దు పెట్టుకో. మరి భోజనాలు?

కడప, బుధవారం, ఉదయం 9:05
మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ అద్దెకుండేవాళ్ళకి ఉచితం. అరవై మంది పడతారు. వంతుల్లో పెట్టాలి. ఇప్పుడే నా పేరు మీద రాయించినా, ఈసారి కాగితం అక్కడే నిలబడి సంతకం పెట్టి ఇచ్చినా.

ఓరుగల్లు, బుధవారం, ఉదయం 9:30
అరవై అరవై అయితే నాలుగు బంతులు. పాత పెండ్లిళ్ళ లెక్కనే! వడ్డన నేను చూసుకుంట. ఒక బంతి తింటున్నప్పుడు ఇంకో గుంపు నడుస్తది. అన్నం రెండుసార్లు వండుత, చల్లగయితే పులిహోర బాగుండదు. గారెలు, బొబ్బట్లు నాలుగిండ్లకు పంచుత. మా ఇంట్ల రెండు స్టవ్‌లున్నయ్.

భీమవరం, బుధవారం, మధ్యాహ్నం 12:10
నా బోర్డుల రాతని ఐదు ముక్కలుగా కోసి పిల్లలకి ఇచ్చేయండి, సంతోషం. రెండు మాటలు చేరుస్తాను. చర్చి 1942ది, ఎలీల్ సారినెన్ కట్టాడు. బ్యాంకు 1954ది, ఆయన కొడుకు ఈరో సారినెన్. తండ్రీ కొడుకుల పని ఒకే వీధిలో చూపించొచ్చు. ఫిన్లండ్ నుంచి వలస వచ్చిన కుటుంబం అది. ఆ బ్యాంకు భవనం నాలుగువైపులా అద్దాలే. అంతకు ముందు బ్యాంకు అంటే కోటలా ఉండేది, లోపలికి వెళ్ళడానికి జంకేవాళ్ళు. పిల్లల్ని ఆ తేడా చెప్పమనండి. లైబ్రరీ ఐ. ఎం. పే 1969లో కట్టాడు, ఆయన చైనా నుంచి చదువుకోడానికి వచ్చినవాడు. ముందున్న కంచు ఆర్చి హెన్రీ మూర్‌ది, 1971. దాని కిందనుంచి నడవొచ్చు. పచ్చడి అక్కడే పంచుదామా? గ్లాసులు మాత్రం కింద పడకూడదు, నేను సంచి పట్టుకుని నిలబడతాను.

శ్రీకాకుళం, బుధవారం, మధ్యాహ్నం 12:45
నాకు ఒక చిన్న కోరిక. చివరి చోట జనాభా అంకెలు చదివాక, ఎవరు ఏ సంవత్సరం వచ్చారో ఒక్కొక్కరూ గట్టిగా చెప్పాలి. బాబాయి గారు 1996 అంటారు. నేను 2024 అంటాను. మధ్యలో అందరూ వరసలో నిలబడితే వీడియో తీస్తాను.

బుజ్జి వాళ్ళమ్మ, బుధవారం, మధ్యాహ్నం 1:00
ఇక్కడే పుట్టిన పిల్లలు పుట్టిన ఏడాది చెప్పాలి. బుజ్జి 2016.

తెనాలి, గురువారం, సాయంత్రం 4:50
ప్రింటింగ్ షాపుకి వద్దని చెప్పేశాను. ఆ 340 డాలర్లు మిగిలాయి, వంటలకి వాడుకో ఓరుగల్లు తమ్ముడూ. నగరం ఆఫీసులో అడిగాను. వీధి మూయనవసరం లేదు, కాలిబాట మీదే ఉండి, సిగ్నల్ దగ్గర ఆగి దాటమన్నారు. లైబ్రరీ వాళ్ళు సరేనన్నారు, మధ్యాహ్నం రెండింటికి. పిల్లల గుంపుకి ముందు ఒకరు, వెనక ఒకరు పెద్దవాళ్ళు కావాలి. ఎవరొస్తారు?

కడప, గురువారం, సాయంత్రం 4:58
వెనక నేను.

ఓరుగల్లు, గురువారం, సాయంత్రం 5:20
ముందుకు మా ఆవిడ వస్తది. నేను వంట కాడ ఉండాలె. పచ్చిమామిడి దొరికింది, ఇక్కడి కొట్లనే. ఇండియానాపోలిస్ పోవుడు లేదు.

భీమవరం, గురువారం, రాత్రి 7:40
వేపపువ్వు మా ఇంట్లో ఉంది, మా చెల్లెలు భీమవరం నుంచి ఎండబెట్టి పంపింది. 220 మందికి సరిపోదు, తలా ఒక రేకు వేద్దాం. చర్చి గోపురం పక్కన ఎండ తగలదు, గాలి కొడుతుంది. పిల్లలకి పట్టు లంగాల మీద జాకెట్లు తప్పకుండా వేయించండి.