బడికి ప్రహరీ గోడ కోసం రాజ్యసభ ఎంపీని అడగొచ్చా?

నమస్తే అండి, ఎంపీ నిధుల సంగతి తెలిసినవాళ్లు కాస్త దారి చూపించండి. మాది పార్వతీపురం మన్యం జిల్లా, కురుపాం దగ్గర చిన్న ఊరు, అరకు లోక్‌సభ స్థానం కిందికి వస్తాం. మా ప్రాథమిక బడికి ప్రహరీ లేదు. మధ్యాహ్నం పిల్లలు వరండాలో భోజనానికి కూర్చోగానే మేకలు వచ్చి కంచాల్లో మూతి పెట్టేస్తాయి, మొన్న ఒకటో తరగతి పాప ఒక చేత్తో కర్ర పట్టుకుని ఇంకో చేత్తో అన్నం తింటుంటే చూసి మనసు చివుక్కుమంది.

రెండేళ్లుగా అర్జీలు పెడుతున్నాం, ఒక ఆఫీసువాళ్లు ఇంకో ఆఫీసుకు పొమ్మంటున్నారు. ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు ఉంటాయి, వాళ్లు సిఫార్సు చేస్తే జిల్లా అధికారులు మంజూరు చేస్తారు, అంతవరకు తెలుసు. కానీ అరకు అంటే పాలకొండ నుంచి రంపచోడవరం దాకా 7 అసెంబ్లీ స్థానాలు, అందులో మా గోడ వంతు ఎప్పటికి వస్తుందో అని టెన్షన్‌గా ఉంది. ఏపీకి లోక్‌సభలో 25 స్థానాలైతే రాజ్యసభలో 11 ఉన్నాయి, రాజ్యసభ సభ్యులు రాష్ట్రంలో ఎక్కడి పనికైనా సిఫార్సు చేయొచ్చు కదా. మరి తమ జిల్లా కాని రాజ్యసభ ఎంపీని కలిసి ఇలా పని చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? పంచాయతీ తీర్మానం జత చేయాలా, హెడ్‌మాస్టర్ గారి లెటర్ సరిపోతుందా? ఇంజినీరుతో అంచనా ముందే వేయించాలా? లోక్‌సభ ఎంపీకి, రాజ్యసభ ఎంపీకి ఇద్దరికీ ఒకేసారి అర్జీ ఇస్తే ఇబ్బందేమైనా ఉందా?

మీ ఊళ్లో ఎలా జరిగిందో రాయండి, ప్లీజ్.