ఉల్లి నిల్వకు గాలి ఆడే జంబో సంచులు పనికివస్తాయా?

ప్రశ్న (కర్నూలు జిల్లా రైతు): నిరుడు గోనె సంచుల్లో నింపి ఒకదానిపై ఒకటి పేర్చిన ఉల్లిగడ్డలు నెల తిరగకముందే అడుగున చెమ్మగిల్లి, పై పొర కింద నల్లటి బూజు పట్టాయి. టన్ను పట్టే, పక్కలకు జాలి పట్టీలున్న జంబో సంచులు కొనవచ్చునా?

జవాబు: కొనవచ్చును, కానీ ఆరని గడ్డను ఏ సంచీ కాపాడదు. ఉల్లి కోసిన తరువాత కూడా శ్వాసిస్తూ వేడినీ తేమనూ వదులుతుంది కనుక, గడ్డ మెడ (ఆకులు మొలిచే చోటు) బిగిసి పై పొర గలగలలాడేవరకు నీడన ఆరబెట్టి, ఆ తరువాతే నింపండి. సంచులను నేలపై కాక చెక్క పలకలపై, నడుమ జానెడు సందు వదిలి నిలపండి.

మరో జవాబు: టన్ను బరువుకు అడుగు గడ్డలు నలుగుతాయి, నేనైతే సగానికి మించి నింపను. అంత సంచిని ఎత్తడానికి మీకు ఫోర్క్‌లిఫ్ట్ ఉన్నదా?

ప్రశ్న అడిగినవారు: లేదండీ, మాకు హమాలీలే ఆధారం.

మరో జవాబు: అయితే 50 కిలోల జాలి సంచులే మీకు మేలు.