కొరివి దెయ్యాన్ని జంతువుగా రాస్తే నమ్ముతారా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. చిన్నప్పుడు రాత్రి చెల్క కాపలాకు పోతే, దూరంగా ఏదైనా వెలుగు కనపడగానే నాయనమ్మ "కొరివి దెయ్యం, అటు చూడకు బిడ్డా" అనేది. ఇప్పుడు నల్లమల నేపథ్యంలో నవల రాస్తున్నాను. అందులో కొరివి దెయ్యం నిజమైన జంతువు: నోట్లో మంట, ఏనుగంత ఒళ్లు, చెట్ల మీద గెంతుతుంది. చదివిన స్నేహితురాలు అస్సలు నమ్మలేదు. ఎక్కడ తప్పింది?

జవాబు 1: మంట తీసేయండి, వెలుగు చాలు. మిణుగురు పొట్టలో లూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సిజన్‌తో కలిసి వెలుగిస్తుంది, వేడి దాదాపు ఉండదు. అసలు ప్రశ్న, అది ఎందుకు వెలగాలి? సముద్రం అడుగున యాంగ్లర్ చేప తల మీది దీపంతో చిన్న చేపలను రప్పించుకుంటుంది. ఆ వెలుగు దానిలో ఉండే బ్యాక్టీరియాది. మీ జంతువు కూడా నోరు తెరిచి పురుగుల కోసం కాచుకోవచ్చు కదా!

జవాబు 2: ఒళ్లు తగ్గించండి అన్నా. ఆకారం అదే ఉంచి పొడవు రెండింతలు చేస్తే బరువు 8 రెట్లు, దాన్ని మోసే కాలి ఎముక అడ్డుకోత (అడ్డంగా కోస్తే కనపడే వైశాల్యం) 4 రెట్లే. ఏనుగు గెంతలేనిది అందుకే. పునుగు పిల్లి అంత ఉంటే చెట్టెక్కుతుంది. భయం సైజులో లేదు, చీకట్లో ఉంది.

ప్రశ్న అడిగినవారు: ఉసిళ్లు! తొలకరి పడ్డాక దీపం పెడితే గుంపులుగా మీద పడతాయి. నా జంతువు ఆ రాత్రుల్లోనే వెలుగుతుంది. మొదటి అధ్యాయం వానతో మళ్లీ రాస్తున్నాను.